కారు పెయింట్ పెచ్చులుగా లేస్తుంటే: ఏ పొర ఊడిందో తేల్చుకుని బాగు చేయడం ఎలా

"కారుకి యాక్సిడెంట్ కాలేదు, ఎవరూ గీకలేదు, కంపెనీ పెయింటే. అయినా రూఫ్ మీద పెచ్చులు లేస్తున్నాయి. ఏం చేయాలి?" ఎండాకాలం వెళ్లగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే దాని మీద పాలిష్ కొట్టించి ఉంటారు, లేదా టచప్ పెన్ను కొని పూసేసి ఉంటారు. రెండూ తొందరపాటే. ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: లేచింది ఏ పొర? అది తెలిస్తే ఇంట్లో చేసుకోవచ్చా, షాపుకు వెళ్లాలా, షోరూమ్‌లో వారంటీ అడగాలా అన్నది తేలిపోతుంది.

కారణం కొంచెం తెలుసుకుంటే చాలు. ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టెలో ముంచి, కరెంటు సాయంతో ఈ-కోట్ పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా మామూలుగా 90 నుంచి 140 మైక్రాన్ల మందమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో మనం చూసి ముచ్చటపడే రంగు వాటా దాదాపు 15, 20 మైక్రాన్లు.

మొదటి రకం ఈ-కోట్ దగ్గర పట్టు పోవడం. ఈ-కోట్ ఎక్కువగా ఎపాక్సీ అనే గట్టి రెసిన్. తుప్పును బాగా ఆపుతుంది కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే పొడిపొడిగా మారిపోతుంది. ఆ కిరణాలు కిందికి దిగకుండా పై పొరలు అడ్డుకోవాలి. అవి పలచగా పడినా, ఆ రంగులోంచి కిరణాలు దూరిపోయినా ఈ-కోట్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు పైనున్నదంతా ఒక్కసారిగా పెచ్చుగా లేస్తుంది. అమెరికాలో టొయోటా తన తెల్ల కార్లలో 040, 070 రంగు కోడ్‌లున్న కొన్ని మోడళ్లకు ఇదే కారణం మీద పెయింట్ వారంటీని ప్రత్యేకంగా పొడిగించింది. అక్కడున్న మనవాళ్లెవరికైనా ఆ తెల్ల టొయోటా ఉంటే, సొంత డబ్బు పెట్టే ముందు ఛాసిస్ నంబరు చెప్పి డీలర్‌ను ఒకసారి అడగండి. గడువు కారును బట్టి మారుతుంది.

రెండో రకం క్లియర్ కోట్ ఒక్కటే చచ్చిపోవడం. మన దగ్గర ఎండలో నిలబెట్టే కార్లకు ఇదే ఎక్కువ. ముందు మెరుపు తగ్గుతుంది, తర్వాత తెల్లటి మసక వస్తుంది, చివరకు అంచులు తెగి పొర లేస్తుంది. రూఫ్, బానెట్, డిక్కీ పైభాగం ముందు పోతాయి. తలుపులు చాలా కాలం నిలుస్తాయి.

ముందు పరీక్ష

1. ఏదీ ముట్టుకోకముందే ఫోటోలు తీయండి. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి రెండు, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి. వారంటీ ఇంకా ఉంటే ఇక్కడే ఆగి సర్వీస్ సెంటర్‌కు చూపించండి. మీరు గీకినా, టచప్ వేసినా "బయట పని చేయించారు" అని పక్కన పెట్టేస్తారు. నోటిమాటతో సరిపెట్టుకోకుండా జాబ్ కార్డు మీద "పెయింట్ పొర లేస్తోంది" అని రాయించి కాపీ తీసుకోండి. రాళ్ల దెబ్బలు, పక్షి రెట్టలు, చెట్ల జిగురు వారంటీలోకి రావని వారంటీ పుస్తకాల్లో మామూలుగా ఉంటుంది కాబట్టి, అవి తగలని చోట లేచిన పెచ్చును ముందు చూపించండి. మరో మాట: ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. వాడకం వల్ల వచ్చే అరుగుదల మోటారు పాలసీలోకి రాదు.

2. కారును నీడలో పెట్టి మామూలు పైపు నీళ్లతో, కార్ షాంపూతో కడగండి. లేచిన అంచు దగ్గర ప్రెషర్ వాష్ గన్ పెట్టనివ్వకండి. బిళ్లంత పెచ్చు నిమిషంలో అరచేయంత అవుతుంది.

3. ఊడిన పెచ్చును ఒకదాన్ని తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది.

పెచ్చు పారదర్శకంగా, పలచటి ప్లాస్టిక్ కాగితంలా ఉండి, కారు మీద రంగు అలాగే ఉంటే పోయింది క్లియర్ కోట్ మాత్రమే. ఆ చోటును తడిపితే పాత రంగు మళ్లీ నిండుగా కనిపిస్తుంది, ఆరగానే మసకబారుతుంది.

పెచ్చుకు ఒక వైపు కారు రంగు, వెనక వైపు ప్రైమర్ ఉండి, కారు మీద బూడిద రంగు బయటపడితే పట్టు పోయింది ఈ-కోట్ దగ్గర. ఆ బూడిద రంగు ఈ-కోటేనా అని అనుమానం వస్తే డిక్కీ మ్యాట్ ఎత్తి మూలలు చూడండి. చాలా కార్లలో అక్కడ పైరంగు సరిగా పడదు, అసలు ఈ-కోట్ కనిపిస్తుంది. రెండింటినీ పోల్చుకోండి. తర్వాత బూడిద చోటును వేలితో గట్టిగా రుద్దండి. వేలికి పొడి అంటితే ఎండ దాన్ని తినేసిందని అర్థం.

మెరిసే రేకు కనిపిస్తే, గోధుమ రంగు చుక్కలు ఉంటే తొందరపడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో రేకు బయటపడ్డాక తుప్పుకు ఎక్కువ రోజులు పట్టదు.

పెచ్చు మందంగా ఉండి, లోపల రెండు వరసల రంగు కనిపిస్తే అది కంపెనీ పెయింట్ కాదు. మీకంటే ముందు ఎవరో ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు చాలామంది "కంపెనీ పెయింట్ ఊడింది" అని తిట్టుకునేది ఇలాంటిదే. ముందు బంపర్ విషయంలో మరీ ఎక్కువ: ప్లాస్టిక్ ప్రైమర్ వేయకుండా రంగు కొడితే అట్టలు అట్టలుగా వచ్చేస్తుంది. అయితే బంపర్‌కు తుప్పు పట్టదు కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

4. పెయింట్ మందం చూసే గేజ్ దొరికితే కొలవండి. పాత కార్లు కొని అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఒక్కో ప్యానెల్‌కు నాలుగైదు చోట్ల పెట్టండి. 90 నుంచి 140 మధ్య వస్తే కంపెనీదే అనుకోవచ్చు. 200 దాటితే మళ్లీ వేసిన పెయింట్. 300 దాటితే కింద లప్పం ఉండి ఉంటుంది. ప్లాస్టిక్ మీద మామూలు గేజ్ పనిచేయదు.

5. చివరగా టేపు పరీక్ష. పెచ్చు అంచు మీద, కొంచెం దూరంలో బాగున్నట్టు కనిపించే పెయింట్ మీద కూడా మాస్కింగ్ టేపు గట్టిగా ఒత్తి ఒక్క లాగు లాగండి. బాగున్న చోట కూడా టేపుకు రంగు వచ్చిందంటే జబ్బు ప్యానెల్ మొత్తానికి ఉన్నట్టే. ఇక ఇంట్లో చేసే పని దండగ. నేరుగా షాపు భాగానికి వెళ్లిపోండి.

ఇంట్లో చేసుకోవచ్చా?

రూపాయి బిళ్ల నుంచి అగ్గిపెట్టె వరకు ఉన్న మచ్చ, చుట్టూ పెయింట్ గట్టిగా ఉంది: చేసుకోవచ్చు. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది, నాలుగడుగుల నుంచి తెలియదు. అరచేతి అంత ఉంటే తుప్పు పట్టకుండా ఆపడానికి చేయండి, అందం కోసం కాదు. క్లియర్ కోట్ మాత్రమే ప్యానెల్ అంతా లేస్తుంటే ఇంట్లో చేసేది ఏదీ నిలవదు. మధ్యలో ఒక చోట స్ప్రే కొడితే ఆ కొత్త మచ్చ పక్కనే మళ్లీ లేస్తుంది. సిల్వర్, ముత్యపు తెలుపు లాంటి రంగులు చేత్తో కలవవు, ఎంత చిన్నదైనా తేడా తెలుస్తుంది.

కావలసినవి: 400, 800, 1500, 2000 నంబర్ వాటర్ పేపర్లు; మాస్కింగ్ టేపు, పాత పేపర్లు; ఐసోప్రొపైల్ ఆల్కహాల్; శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు; తుప్పు ఉంటే రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం); ఆటోమోటివ్ ఎపాక్సీ ప్రైమర్ లేదా ఎచ్ ప్రైమర్ (రేకును కొరికి పట్టుకునేది); మీ రంగు కోడ్ ప్రకారం కలిపించిన పెయింట్; స్ప్రే డబ్బాలో వచ్చే మామూలు క్లియర్; సన్న కంపౌండ్ (రుద్ది మెరిపించే పేస్టు); గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు.

రంగు కోడ్ డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద గానీ, బానెట్ కింద ఉండే ప్లేటు మీద గానీ ఉంటుంది. షాపులో "తెలుపు" అని అడగకండి, ఒక్క కంపెనీకే నాలుగు తెలుపులుంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పెయింట్ మిక్సింగ్ షాపువాళ్లు కోడ్ చూసి కొద్ది మొత్తంలో కలిపిస్తారు, స్ప్రే డబ్బాలో నింపి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పెట్రోల్ ట్యాంక్ పైమూత ఊడదీసి పట్టుకెళితే పోల్చి చూడటం తేలిక. కానీ అక్కడ ఎండ తక్కువ తగులుతుంది. మీ రూఫ్ రంగు అంతకన్నా కొంచెం వెలిసి ఉంటుందని షాపులో చెప్పండి.

రెండు భాగాలుగా వచ్చి, గట్టిపడటానికి హార్డెనర్ అనే ద్రవం కలిపే టూ-కే క్లియర్ జోలికి ఇంట్లో పోకండి. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్‌లు ఉంటాయి. ఊపిరితిత్తులకు ప్రమాదం, ఆస్తమా రావచ్చు. ముఖానికి కట్టుకునే గుడ్డ గానీ, దుమ్ము మాస్కు గానీ వాటిని ఆపవు. మామూలు స్ప్రే డబ్బా కొట్టేటప్పుడు కూడా గాలి ఆడే చోట, నిప్పు లేని చోట కొట్టండి.

పని

1. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మే నెలలో అయితే పొద్దున్నే. వేడి బానెట్ మీద స్ప్రే పడేలోపే ఆరిపోయి గరుకుగా వస్తుంది. వాన ముసురులో కూడా వద్దు. గాలిలో తేమ ఎక్కువైతే క్లియర్ పాలలా తెల్లబారుతుంది.

2. లేచిన పెచ్చంతా తీసేయండి. పాత ఏటీఎం కార్డుతో అంచు ఎత్తండి, తర్వాత టేపు ఒత్తి లాగండి. ఇక ఊడనంత వరకు లాగుతూనే ఉండాలి. మచ్చ పెద్దదవుతోందని భయపడి మధ్యలో ఆపేస్తారు, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పొడిరాలే గోడ మీద సున్నం వేస్తే ఎలా ఉంటుందో, పట్టులేని అంచు మీద కొత్త పెయింట్ అలా ఉంటుంది, రెండూ కలిసే ఊడతాయి. అరచేతి సైజు దాటి ఊడుతూనే ఉంటే పని ఆపి షాపుకు వెళ్లండి.

3. అంచును 400తో, తర్వాత 800తో వాలుగా అరగదీయండి. రంగు ఉన్న చోట నీళ్లతో, రేకు బయటపడ్డ చోట పొడిగా. కళ్లు మూసుకుని వేలు జరిపితే మెట్టు తగలకూడదు. మెట్టు మిగిలితే ఎన్ని కోట్లు వేసినా ఎండలో గీతలా కనిపిస్తుంది. పొడిపొడి అయిన ఈ-కోట్‌ను వేలికి పొడి అంటనంత వరకు అరగదీయాలి.

4. తుప్పు ఉంటే పొడిరాలే తుప్పంతా గీకేశాకే కన్వర్టర్ పూయండి. కొన్నిటిని ఆరాక కడగాలి, కొన్నిటిని కడగకూడదు. డబ్బా మీద చదవండి.

5. ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒక వైపుకే తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పెట్రోల్‌తో, కిరోసిన్‌తో తుడిచే అలవాటు మనకు బాగా ఉంది. అవి జిడ్డు పొర వదిలేస్తాయి, దాని మీద ప్రైమర్ చేపకన్నుల్లా గుంతలు పడుతుంది. తుడిచాక వేలు పెట్టకండి.

6. చుట్టూ మాస్కింగ్ చేయండి. మచ్చకు దగ్గరగా ఉండే టేపు అంచును వెనక్కి మడిచి అంటిస్తే స్ప్రే అంచు మెత్తగా కలుస్తుంది. నేరుగా అంటిస్తే కత్తితో కోసినట్టు గీత మిగులుతుంది.

7. ప్రైమర్ రెండు పలచటి కోట్లు. హార్డ్‌వేర్ షాపులో గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ వాడకండి. దాని మీద కారు పెయింట్‌లోని ఘాటు థిన్నర్ పడితే ముడతలు పడుతుంది. రేకు బయటపెట్టిన రోజే ప్రైమర్ పడాలి, రాత్రంతా వదిలేయకూడదు. ఆరాక 800తో తేలిగ్గా రుద్ది మళ్లీ తుడవండి.

8. రంగు. డబ్బాను బాగా ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో చేయి ఆడిస్తూ కొట్టండి. ఒకే చోట ఆపితే కారుతుంది. మొదటి కోటుకే ప్రైమర్ కప్పాలని చూడకండి. పలచగా మూడు నాలుగు కోట్లు, మధ్యలో పది పదిహేను నిమిషాలు. బిళ్లంత మచ్చకు స్ప్రే ఎందుకు, సన్న బ్రష్ చాలు.

9. క్లియర్ రెండు మూడు కోట్లు, రంగు కంటే కొంచెం బయటికి. రంగుకు, క్లియర్‌కు మధ్య ఎంత గడువు ఇవ్వాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అదే పాటించండి.

10. కారిపోయిందా? తడిమీద తుడవకండి. పూర్తిగా ఆరాక 1500తో దించేయొచ్చు.

11. కనీసం వారం వదిలేయండి. తర్వాత 2000 పేపర్‌తో నీళ్లు పోస్తూ ఎత్తుపల్లాలు తీసి, సన్న కంపౌండ్‌తో మెరిపించండి. వ్యాక్స్‌కు నెల ఆగండి.

సరిగ్గా వచ్చిందో లేదో

గోరుతో అంచు మీద గీసి చూడండి, పొర లేవకూడదు. వారం తర్వాత టేపు పరీక్ష మళ్లీ చేయండి. రాత్రి ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని ఆ చోటు మీదుగా చూస్తూ కదలండి. ప్రతిబింబం వంకర తిరిగిన చోట మెట్టు మిగిలినట్టు. రంగు కలిసిందో లేదో మధ్యాహ్నం ఎండలో కాదు, పొద్దున గానీ సాయంత్రం గానీ మూడు కోణాల నుంచి చూడండి. మొదటి వానాకాలం తర్వాత అంచు చుట్టూ తెల్లటి వలయం గానీ, చిన్న బుడగలు గానీ కనిపిస్తే కింద తేమ చేరింది. పైన పూయడం వల్ల లాభం లేదు, మళ్లీ గీకాల్సిందే.

షాపులో అడగాల్సినవి

ఒకే ఒక్క ప్రశ్నతో షాపు తెలిసిపోతుంది: "ఎంతవరకు గీకుతారు?" పైపైన రుద్ది రంగు కొట్టేస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పట్టు పోయింది ఈ-కోట్ దగ్గరైతే ప్యానెల్ మొత్తం ఆ పొర వరకు దించి, ఎపాక్సీ ప్రైమర్ వేసి పైకి రావాలి. క్లియర్ మాత్రమే పోతే మిగిలిన క్లియర్ అంతా తీసి, రంగు, కొత్త క్లియర్ వేస్తే చాలు. డెంట్ లేని ప్యానెల్‌కు లప్పం ఎందుకో కూడా అడగండి.

అద్దాల చుట్టూ రబ్బర్లు, రూఫ్ పక్క పట్టీలు, యాంటెన్నా తీసి పని చేస్తారా అని చూడండి. టేపు వేసి వాటి పక్కగా కొడితే కొత్త పెయింట్ మొదట లేచేది ఆ అంచుల్లోనే. క్లియర్ టూ-కే అయి ఉండాలి, హార్డెనర్ ఏ కంపెనీదో అదే కంపెనీ క్లియర్ కలపాలి. బూత్ (పెయింట్ కొట్టడానికి మూసి ఉంచిన గది) ఉన్న షాపులో దాదాపు 60 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. ఫ్యాక్టరీలో 140 డిగ్రీల దాకా కాల్చే క్లియర్‌కు ఇది సాటి రాదు, అయినా రోడ్డు పక్క గాలిలో ఆరబెట్టడం కన్నా ఎంతో మేలు.

సైడు ప్యానెల్ పైకి వెళ్లి రూఫ్‌లో కలిసే కార్లకు క్లియర్ ఎక్కడ ఆపుతారో ముందే అడగండి. మధ్యలో పలచగా కలిపి వదిలేసిన చోట కొన్నేళ్లకు మళ్లీ ఊడుతుంది. అతుకు దాకా తీసుకెళ్లమనండి.

పని అయ్యాక గేజ్ పెట్టండి. పాతదంతా దించి వేసిన ప్యానెల్ 150 నుంచి 250 మధ్య వస్తే సరే. 400 చూపిస్తే పాతదాని మీదే కొట్టినట్టు. పని మధ్యలో దించిన ప్యానెల్ ఫోటోలు అడిగి తీసుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు గేజ్ పెట్టి "యాక్సిడెంట్ బండి" అంటాడు, అప్పుడు డెంట్ లేని రేకు ఫోటో, బిల్లు చూపించాలి.

ఆ తర్వాత

పక్షి రెట్టలను గోరుతో గీకొద్దు, తడిగుడ్డ వేసి నానబెట్టి తీయండి, అదీ అదే రోజు. బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా తుడవండి, ఉప్పు మచ్చలు క్లియర్‌ను కొరుకుతాయి. దుమ్ము నిండిన కవర్ గాలికి కొట్టుకుంటుంటే వాటర్ పేపర్ రుద్దినట్టే, నీడ దొరికితే కవర్ కన్నా అదే మేలు. సిరామిక్ కోటింగ్ వేయించాలనుకుంటే పెయింట్ గట్టిగా ఉన్నప్పుడే వేయించండి. లేచిన పొరను అది అతికించదు, ఆ మాట చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో పెళ్లికి కారు ఇస్తున్నారా? పూలు అంటించడానికి బానెట్ మీద సెల్లోటేపు వేస్తారు, ఊరేగింపు అయ్యాక ఎవరో ఒకరు చర్రున లాగేస్తారు. పట్టు తగ్గిన పెయింట్ దాంతోపాటే వస్తుంది. దారాలతో, సక్షన్ కప్పులతో కట్టమనండి. తప్పక టేపే వేస్తే, తీసేటప్పుడు హెయిర్ డ్రైయర్‌తో కొంచెం వేడి చేసి, పైకి కాకుండా తనమీదికే మడిచినట్టు పడుకోబెట్టి నెమ్మదిగా లాగండి.